టూరు బాబాయి

ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక టూరు బాబాయి ఉంటాడు. వరసకు బాబాయే కానక్కర్లేదు. మేనమామ కావచ్చు, పెద్దల్లుడు కావచ్చు, మొన్ననే రిటైరైన పెదనాన్న కావచ్చు. దసరా సెలవులకు ఎక్కడికైనా వెళ్దామని ఇంట్లో ఎవరు అన్నా సరే, పావుగంటలో కాగితం, పెన్నూ తెచ్చుకుని మధ్యలో నిలువుగీత కొట్టేది ఆయనే. గీతకు ఒకవైపు ఖర్చులు, రెండోవైపు జాగ్రత్తలు. ప్రయాణం ముగిసేదాకా ఆ కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయినా దాన్ని చదవగలిగినవాడు లోకంలో ఆయనొక్కడే. ఇలాంటి మనిషిని పిసినారి అని నవ్వేసి ఊరుకోవడం మనకు అలవాటు. నా వాదన వేరు. బాబాయి పొదుపులో ముప్పాతిక వంతు నిక్కమైన శాస్త్రం, మిగిలిన పావు వంతు నిక్కమైన ప్రమాదం. చిక్కేమిటంటే, ఇంట్లో ఆయనకు మెప్పు దక్కేది ఆ పావు వంతుకే.

ముందు ముప్పాతిక సంగతి చూద్దాం. రైల్వే వారు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు. ఆ కబురు విన్న పూట బాబాయికి అన్నం సయించి ఉండదు. నాలుగు నెలల ముందే టికెట్టు జేబులో వేసుకుని తిరిగే సుఖం సగానికి సగం తగ్గిపోయిందాయె! అయినా అరవయ్యో రోజు ఉదయం ఎనిమిది కొట్టకముందే స్నానం చేసి ఫోను ముందు కూర్చుంటాడు. మనం ప్రయాణానికి ముందురోజు పది గంటలకు ఏసీ తత్కాల్ కోసం, పదకొండుకు స్లీపర్ తత్కాల్ కోసం వేళ్ళు అరగదీసుకుని, ఎక్కువ డబ్బు పోసి, చివరికి వెయిటింగ్ లిస్టుతో మిగిలినప్పుడు ఎవరు తెలివైనవారో వేరే చెప్పాలా? మే నెలలో ఊటీ వెళ్ళడం ఆయన దృష్టిలో నేరం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మేలో ఊటీ వెళ్ళే బండ్లకు ఈ-పాస్ పెట్టాక, ఆయన అభిప్రాయానికి కోర్టు ముద్ర కూడా పడింది. ఇక పులిహోర. చింతపండు పులుపూ నూనే కలిసి దాన్ని కాపాడతాయి కాబట్టి రాత్రి కలిపింది మర్నాటికి కూడా చెడదు. కొబ్బరి పచ్చడికి మాత్రం ఆయన స్టీలు క్యారియర్లో ప్రవేశం లేదు, అది మధ్యాహ్నానికే పులుస్తుంది. డబ్బూ మిగిలి, కడుపూ బాగుండే ఏర్పాటు ఇంతకన్నా ఉందా? నీళ్ళ సీసా మీద అచ్చువేసిన ధర కన్నా రూపాయి ఎక్కువ అడిగితే 139కి ఫోన్ చేస్తానని బెదిరించడం కాస్త అతి అనిపిస్తుంది గానీ, తప్పు మాత్రం కాదు.

సెలవులకు వెళ్ళి కూడా ఈ లెక్కలేమిటని కుర్రకారు విసుక్కుంటారు. లెక్క ఒకరు చూస్తున్నారు కాబట్టే మిగతా తొమ్మిదిమందీ చూడకుండా తిరగగలుగుతున్నారన్నది వాళ్ళకు తోచదు. బాబాయి లేని బృందం నాలుగో రోజు ఏటీఎం ముందు ఒకరి మొహాలు ఒకరు చూసుకునే బృందం.

అసలు తకరారు భద్రత దగ్గర మొదలవుతుంది. బాబాయికి దొంగంటే భయం. ఆ భయం చుట్టూ ఆయన కట్టిన కోటను చూసి తీరాలి. రైలెక్కగానే సూట్‌కేసులన్నీ కింది బెర్తు కొక్కేలకు గొలుసుతో బంధిస్తాడు. తాళంచెవి మొలతాడుకు. డబ్బు నాలుగు భాగాలై బనీను జేబులో, మందుల డబ్బాలో, పిన్ని చేతిసంచిలో, ఇంకొకచోట ఉంటుంది. ఆ ఇంకొకచోటు ఎక్కడో తిరుగు ప్రయాణంలో గానీ ఆయనకే గుర్తు రాదు. ఎదురు సీటువాడు బిస్కెట్టు ఇస్తే పిల్లల్ని కళ్ళతోనే వారిస్తాడు. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఇంటికి మూడు తాళాలు వేసి, పక్కింటివారికి పదిసార్లు చెప్పి, పేపరబ్బాయిని ఆపించి వచ్చిన ఈ మహానుభావుడే, రైలు కదలగానే కుటుంబమంతటితో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. ఇల్లు ఖాళీ అని ఊరంతటికీ చాటింపు వేసినట్టే కదా? ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ మీద కెమెరా నిఘా కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక యాప్ తెచ్చారు. దాని గురించి అడిగితే, పోలీసులకు మన ఊసు ఎందుకంటాడు.

కంటికి కనబడే అపాయాన్నే బాబాయి అపాయమనుకుంటాడు. మీసాలున్న దొంగ కనబడతాడు, ఫోనులో తీయగా మాట్లాడేవాడు కనబడడు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు 2023 నుంచి ఐఆర్‌సీటీసీ నడిపే హెలీయాత్ర సైటులోనే అమ్ముతున్నారు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్టుకు దేవస్థానం వారి సొంత సైటు ఉండనే ఉంది. అయినా 'సగం ధరకే' అన్న ఒక్కమాట వినబడితే బాబాయి కోట తలుపులు బార్లా తెరుచుకుంటాయి. బిస్కెట్టు ఇచ్చినవాణ్ణి నమ్మని మనిషి, మొహమైనా చూడనివాడు పంపిన క్యూఆర్ కోడుకు అడ్వాన్సు కట్టేస్తాడు. పోయిందని తెలిశాక వెంటనే 1930కి ఫోన్ చేస్తే కొంతైనా ఆగే అవకాశం ఉంటుంది. ఆయన మాత్రం పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పడు. రైలు టికెట్టు కొనేటప్పుడు 45 పైసలకు ప్రమాద బీమా ఉంటుంది. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా పది లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు రెండు లక్షల దాకా ఇస్తారు. మొత్తం టూరులో ఇంతకన్నా చవకైన వస్తువు లేదు. చవకంటే ప్రాణం పెట్టే బాబాయి దీన్ని మాత్రం వద్దంటాడు. కారణం డబ్బు కాదు, శుభమా అని బయలుదేరుతూ ఆ మాటలెందుకని!

ఇవన్నీ చిల్లర పొరపాట్లు, నవ్వుకుని వదిలేయవచ్చు. నవ్వడానికి వీల్లేనిది రాత్రి ప్రయాణం. టెంపో ట్రావెలర్ బాడుగ రోజుల లెక్కన ఉంటుంది, డ్రైవరు బత్తా దానికి అదనం. కాబట్టి నాలుగు రోజుల తిరుగుడును మూడు రోజుల్లో కుక్కితే ఒక రోజు బాడుగ, ఒక రాత్రి గదుల అద్దె మిగులుతాయి. పగలంతా గుళ్ళూ జలపాతాలూ చూసి, రాత్రి భోజనాలయ్యాక బండెక్కితే తెల్లారేసరికి ఇల్లు. బాబాయికి ఇంట్లో చప్పట్లు పడే ఘట్టం ఇదే. పగలంతా బండి నడిపినవాడే రాత్రంతా నడుపుతున్నాడన్న ఊహ ఆ చప్పట్లలో వినబడదు. బండి మాట్లాడేటప్పుడు బాబాయి డ్రైవర్ని అడిగే మొదటి ప్రశ్న, "తాగే అలవాటుందా?" వాసన కూడా చూస్తాడు. "నిన్న రాత్రి నిద్రపోయావా బాబూ?" అని మాత్రం అడగడు. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతులూ చూపూ, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి మాదిరిగా మందగిస్తాయని 1997లోనే పరిశోధకులు చూపారు. మన మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే బాబాయి ఏరికోరి తెచ్చిన మందు ముట్టని డ్రైవరు, తెల్లవారుజామున మూడింటికి తాగినవాడితో సమానం. ఏ పోలీసు గొట్టంలో ఊదించినా అది బయటపడదు. డ్రైవరు కునుకు తీయకుండా కబుర్లు చెప్పమని ముందు సీట్లో ఒక కుర్రాణ్ణి కూర్చోబెడతారు. బండిలో అందరికన్నా ముందు నిద్రపోయేది వాడే.

ఇరవై ఏళ్ళుగా ఇలాగే వెళ్తున్నాం, ఏమైందంటాడు బాబాయి. ఏదైనా అయినవాళ్ళు ఆ మాట అనడానికి మిగలరు కాబట్టి, అనేవాళ్ళందరూ ఏమీ కానివాళ్ళే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. రాత్రి రైళ్ళలో, ఆర్టీసీ బస్సుల్లో రోజూ లక్షలమంది వెళ్ళడం లేదా అన్నది ఆయన రెండో అస్త్రం. ఇది కాస్త బరువైన ప్రశ్నే. అయితే రైలు నడిపేవారు దారిలో మారతారు. దూర సర్వీసు బస్సుల్లో చాలావాటికి ఇద్దరు డ్రైవర్లుంటారు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకొకసారి కనీసం అరగంట విరామం అని రాసిపెట్టింది. తప్పు రాత్రిది కాదు, ఒకే మనిషి చేత రెండు పూటలూ నడిపించే మన లెక్కది. డబ్బు లేనివాళ్ళ సంగతేమిటని అడగవచ్చు, అడగాలి కూడా. వాళ్ళకు రైలుంది, బస్సుంది, ఒక ఊరు తగ్గించుకునే వీలుంది. ఆరు ఊళ్ళు మూడు రోజుల్లో చూసి తీరాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పైగా రాత్రి గదులు తీసుకున్నప్పుడు కూడా డ్రైవరు పడుకునేది హోటలు బయట, బండిలోనే, దోమల మధ్య. అతని మంచం ఆ కాగితంలో ఏ వైపూ ఉండదు.

బాబాయిని మార్చడం మన తరం కాదు, ఆయన కాగితంలో ఒక వరుస చేర్చడం మాత్రం మన చేతిలో పనే. ఈసారి సంక్రాంతికి బండి మాట్లాడేటప్పుడు మనిషికి ఇంతని వేసుకుని, డ్రైవరు గది అద్దె మీరే ముందు ఆయన చేతిలో పెట్టండి. ఆ అద్దె తన లెక్కలో పడదని తెలిస్తే రాత్రి ఆగడానికి ఆయనే మొదట ఒప్పుకుంటాడు.