రానుపోను

రిటైరైనా ఎర్రసిరా బుద్ధి పోదు. ట్రెజరీలో ముప్పై రెండేళ్లు పరాయివాళ్ల టీఏ బిల్లులు కోసినవాణ్ణి. "ఖాళీగా తిరిగొచ్చిన జీపుకి చార్జీ చెల్లదు" అని పక్కన గీకి బిల్లు వెనక్కి పంపడమంటే నాకు అదో ఆనందం. 2023 అక్టోబరులో న్యూజెర్సీలో నా పరువు తీసింది ఆ ఆనందమే.

ఎడిసన్‌లో మావాడింట్లో ఆరు నెలలుండి తిరుగు ప్రయాణమయ్యాం. విమానం న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే నుంచి. ఆ రోజు వాడికి ఆఫీసు తప్పలేదు, కార్ సర్వీసు మాట్లాడాడు. 140 డాలర్లు; టోళ్లూ టిప్పూ అదనం. "ఆన్‌లైన్‌లో నేను కట్టేస్తాను నాన్నా" అన్నాడు. 'అదనం' అన్న మాట చెవిన పడగానే నాలో ఆడిటరు లేచి కూర్చున్నాడు. నా దగ్గర డాలర్లు మిగిలాయి, నేనే ఇస్తానన్నాను.

ముందురోజు రాత్రి డైరీలో గళ్లు గీశాను. గోథల్స్ బ్రిడ్జి మీద న్యూయార్క్ వైపు వెళ్లేవాళ్లకే టోలు. కారుకి ఈజీపాస్ (టోలు కట్టే ట్యాగు) ఉంటే రద్దీ వేళ 14.75, మిగతా వేళల్లో 12.75. సాయంత్రం రద్దీ నాలుగింటికి మొదలు. అంటే నాలుగులోపే దాటెయ్యాలి. టర్న్‌పైక్‌కి ఇంకాస్త చిల్లర. ఆ తర్వాత వెరజానో బ్రిడ్జి. ఆ గడిలో సున్నా చుట్టి, కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ఆ సున్నా నా పాండిత్యం. 2015లో వచ్చినప్పుడు మావాడే చెప్పాడు: అక్కడ స్టాటెన్ ఐలండ్‌కి వచ్చే వైపే టోలు, బ్రూక్లిన్‌కి, అంటే మేం వెళ్లే వైపు, ఉచితం. టోల్‌గేటు దగ్గర ఆగిన బళ్ల బారులూ పొగా పడలేక ఐలండ్ జనం గోల పెడితే, 1986లో అలా ఒకవైపుకి మార్చారట. 1964లో కట్టినప్పటి నుంచీ ఆ వంతెన పేరులో ఒక జెడ్ తక్కువగా రాస్తూ వచ్చి, 2018లో దాన్ని చేర్చారని కూడా నాకు తెలుసు. జెడ్ సంగతి తెలిసిన మనిషికి టోలు సంగతి తెలియకుండా ఉంటుందా?

టిప్పు గడి దగ్గర మాత్రం అరగంట పట్టింది. పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వాలంటారు. ఉత్త కిరాయి మీదా, టోళ్లు కలిపిన మొత్తం మీదా? కిరాయి మీదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పదిహేను శాతం, 21 డాలర్లు. 83తో హెచ్చవేసి చూసి, ఓసారి గుండె పట్టుకున్నాను.

మర్నాడు మూడుంపావుకల్లా కారొచ్చింది. తెల్లగడ్డం సర్దార్జీ, నాకన్నా ఓ రెండేళ్లు పెద్దే ఉంటాడు. నాలుగులోపు గోథల్స్ దాటాలని ఇంటిల్లిపాదినీ తరిమినవాణ్ణి నేనే. చివరి నిమిషంలో పెట్టెల్ని కొక్కెం కాటాకి తగిలించి, బాదంపప్పు పొట్లాలు ఇందులోంచి అందులోకి మార్చి ఇరవై నిమిషాలు తగలేసినవాణ్ణీ నేనే. నాలుగు పెట్టెలూ ఆయనే ఎత్తి డిక్కీలో సర్దాడు. వంతెన ఎక్కేసరికి నాలుగూ ఆరు. రెండు డాలర్లు హరీ. ఆ మంట జేఎఫ్‌కే దాకా చల్లారలేదు.

దిగాక ఆయన బిల్లు ఇచ్చాడు. వెరజానో: 11.19.

"భాయీసాబ్, ఇధర్ ఆనే కా టోల్ నహీ హై. సిర్ఫ్ జానే కా" అన్నాను, నాకొచ్చిన హిందీలో.

"సాబ్, వో పెహ్‌లే థా..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. చెప్పనిస్తేనా! డైరీ తెరిచి, రెండు గీతల సున్నా ఆయన ముక్కు కిందికి పెట్టాను. వెనక కార్ల హారన్లు. ఆయన సున్నా వంక చూశాడు, నా మొహం వంక చూశాడు, పెన్ను తీసి 11.19 కొట్టేశాడు.

"జానే దీజియే, సాబ్."

దొంగ దొరికాడనుకున్నాను. ఆ ఊపులో టిప్పు 21 కాస్తా పదికి కోశాను. ఆ పదీ జేబులో పెట్టుకుని, మా ఆవిడ మోకాళ్లు పట్టుకుని నిలబడటం చూసి, పెట్టెలన్నీ ట్రాలీల మీదికి ఎక్కించి మరీ వెళ్లాడు.

లోపలికెళ్లగానే మావాడికి ఫోన్ చేసి నా విజయం వినిపించాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"నాన్నా, 2020 డిసెంబరు నుంచి అక్కడ రెండువైపులా టోలు. మునుపు ఒకవైపే వసూలు చేసిందాన్ని ఇప్పుడు చెరో సగం చేశారు."

"సగమైతే మరీ 11.19 ఏంట్రా?"

"న్యూయార్క్ ఈజీపాస్ ఉన్నవాళ్లకి 6.94. ఆయనది న్యూజెర్సీది, పూర్తి రేటు పడుతుంది. ఖాళీ బండితో వెనక్కి వెళ్లేటప్పుడు ఇంకో 11.19 కట్టుకోవాలి. అది మన బిల్లులో రాయను కూడా లేదుగా ఆయన?"

రాయలేదు. ఖాళీగా తిరిగొచ్చిన జీపుకి చార్జీ చెల్లదని నేను కొట్టేసిన బిల్లులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఏ డ్రైవరైనా 'జానే దీజియే' అన్నాడో లేదో, కిటికీకి ఇవతల కూర్చున్న నాకు వినబడే వీలు లేదు.

విమానంలో డైరీ తీసి, సున్నా కొట్టేసి 11.19 వేశాను. కింద 'తిరుగు టోలు' అని ఇంకో గడి గీస్తుంటే మా ఆవిడ కళ్లు తెరిచింది. "నాలుగు పెట్టెలు రెండుసార్లు ఎత్తాడండీ ఆయన. అది ఏ గడిలో వేశారు?" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇల్లు చేరాక తెలిసింది, మావాడు ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి టోలూ టిప్పూ కలిపి పంపాడని. ఎంత పంపావురా అని అడగబోయి, నాలుక కరుచుకున్నాను.