పది గ్రాముల తాకిడి

నేనో నైలాన్ పోగును. పేరు మోనోఫిలమెంట్. చిన్న ప్లాస్టిక్ పిడికి అంటుకుని ఉంటాను. చర్మం మీద నిటారుగా ఆనించి నొక్కితే, పది గ్రాముల బలం దగ్గర విల్లులా వంగిపోతాను. ఎవరు నొక్కినా అంతే. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

మా వంశం గుర్రపు వెంట్రుకలతో మొదలైంది. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియన్-జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ ఫ్రే వాటితో స్పర్శను కొలిచాడు. అమెరికాలో జోసఫిన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టీన్ మమ్మల్ని నైలాన్‌తో చేశారు. కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ పరీక్షించాకే షుగరువాళ్ల దగ్గరికి వచ్చాం.

నా కొలువు గుంటూరులో, ఒక షుగరు క్లినిక్‌లో. సిస్టరమ్మ ముందు నన్ను ముంజేతికి తాకించి, "ఇదిగో, ఇలా ఉంటుంది" అంటుంది. తర్వాత కళ్లు మూయిస్తుంది. బొటనవేలి కొస, వేళ్ల మొదట్లో అరికాలు. ఆనెకాయల మీద మాత్రం పెట్టదు. అక్కడ తోలు మందం, నరం బాగున్నా తెలియదు. వచ్చినవాళ్లు ఊహించి చెప్పకుండా వరస మారుస్తుంది.

ఒకరోజు ఓ మిర్చి రైతు వచ్చాడు.

"తగిలినప్పుడల్లా చెప్పండి బాబాయ్."

"అట్టాగేనమ్మా."

బొటనవేలి కింద వంగాను. చిటికెన వేలి మొదట్లో వంగాను. ఆయన నోరు మెదపలేదు. కాసేపాగి, "మొదలుపెట్టమ్మా, బస్సు టైమవుద్ది" అన్నాడు.

మడమలో విరిగిన తుమ్మముల్లు, చుట్టూ చీము. చేలో గుచ్చుకున్న సంగతే ఆయనకు తెలియదు. అంతకుముందు అరికాళ్ల మంటలు ఉండేవట. అవి పోతే నయమైందనుకున్నాడు. నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇదే. మంట ఉన్నవాడు డాక్టరు దగ్గరికి పరుగున వస్తాడు. మొద్దుబారినవాడు రాడు. మంట ఆగిందంటే ఒక్కోసారి ఆ కాస్త నరమూ చచ్చిందని అర్థం.

నేనొక్కదాన్నే చాలను. 128 హెర్ట్జ్ శ్రుతిదండంతో అదురు తెలుస్తోందో లేదో కూడా చూడాలి. వరసగా పదిమందిని పరీక్షించాక నాకూ ఒక రోజు విశ్రాంతి కావాలి. లేకపోతే మెత్తబడి తప్పు చెబుతాను.

స్పర్శ తగ్గినవాళ్లు ఉత్త కాళ్లతో నడవకండి, ఇంట్లో కూడా. చెప్పులు దులిపి, లోపల చేత్తో తడిమి తొడుక్కోండి. కాళ్లకు కాపడం పెట్టకండి. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ నా మనవి ఒకటే: రక్తపరీక్ష కాగితం చూపించి లేచిపోకండి. ఏడాదికి ఒక్కసారైనా చెప్పులు విప్పి, "నా పాదాలు కూడా చూడండి డాక్టరుగారూ" అని అడగండి.