తగిలితే పడిపోయేదాన్ని

నేను హర్డిల్‌ని. ఉండేది బిలాస్‌పూర్‌లో, సర్కండా వైపు బహతరాయి స్టేడియంలో. ఆడపిల్లల వంద మీటర్ల పరుగుకి నన్ను 83.8 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడతారు. కాలు తగిలితే పడిపోవాలనే నా అడుగున బరువులు సర్దారు. పొరపాటున పడేసినా పోటీలోంచి తీసెయ్యరు. అయినా చెడ్డపేరంతా నాదే. ఎవరి జీవితంలో ఏ కష్టమొచ్చినా పేపర్లవాళ్లకి నేనే గుర్తొస్తాను.

సాయంత్రాలు ఒక రిటైర్డ్ రైల్వే తాత మనవరాలిని తీసుకొస్తాడు. ఆయన సొంతూరు విశాఖ వైపు. పిల్ల హిందీలో అడుగుతుంది, ఆయన తెలుగులో చెబుతాడు. అలా విన్నదే, హర్డిల్స్ పరిగెత్తే జ్యోతి యర్రాజి గురించి నాకు తెలిసిన కథ.

విశాఖ పిల్ల. తండ్రి సెక్యూరిటీ గార్డు. హైదరాబాద్, గుంటూరు తిరిగి, భువనేశ్వర్‌లో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర చేరింది. 2020లో మూడబిదిరిలో 13.03 సెకన్లలో పరిగెత్తింది. 2002 నుంచి అనురాధా బిశ్వాల్ పేరు మీదున్న జాతీయ రికార్డు 13.38. బద్దలైనట్టే కదా! లెక్కలోకి రాలేదు. డోప్ పరీక్ష జరగలేదు, ఫెడరేషన్ టెక్నికల్ ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనకనుంచి సెకనుకి 2 మీటర్ల వరకు ఒప్పుకుంటారు, ఆ రోజు 2.1 వీచింది.

‘‘మరి హర్డిల్స్ తగల్లేదా?’’ అంది మనవరాలు. తగిలినా తగలకపోయినా ఈ రెంటిలో మా తప్పేముంది?

తర్వాత జ్యోతి యూరప్ వెళ్లింది. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. ముందు కొట్టేసిన రెండింటికన్నా నెమ్మదే, కానీ పుస్తకంలోకి ఎక్కింది ఇదే. అదే నెలలో ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. అక్టోబర్‌కి బెంగళూరులో 12.82. ఆ మరుసటి ఏడాది చెంగ్డూలో 12.78.

తాతకి ఇష్టమైన ఘట్టం హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, 2023. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. జ్యోతినీ బయటికి పొమ్మన్నారు. ఈ పిల్ల వెళ్లలేదు. రీప్లే స్క్రీన్ దగ్గరే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తించారు. ఆ గొడవ తలలో తిరుగుతుండగానే 12.91లో మూడో స్థానం. తర్వాత వూని తప్పించడంతో కంచు వెండి అయింది. ‘‘నోరుండాలే అమ్మీ, కాళ్లొకటే చాలవు’’ అంటాడు తాత.

పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరుగుకి దిగిన మొదటి భారతీయురాలు తనే. అక్కడ 13.16, రెండో అవకాశంగా ఇచ్చే రెపిచేజ్‌లో 13.17. తాత ఈ ముక్క త్వరగా దాటేస్తాడు.

2025 మేలో కొరియాలోని గుమిలో 12.96తో ఆసియా ఛాంపియన్‌షిప్స్ స్వర్ణం నిలబెట్టుకుంది. జులైలో ప్రాక్టీసులో మోకాలి లిగమెంట్ తెగింది. సర్జరీ అన్నారు, సెప్టెంబర్‌లో టోక్యో ప్రపంచ పోటీలకి వెళ్లలేకపోయింది.

ఆ వార్త చదివిన సాయంత్రం తాత మామూలుగా కథ మొదలెట్టలేదు. పిల్లే అడిగింది: ‘‘తాతా, మళ్లీ పరిగెడతాదా?’’

‘‘అది డాక్టర్లు చెప్పాలే. నువ్వు ముందు ఎడమ మోకాలు పైకెత్తు. నిన్న దీన్ని రెండుసార్లు పడేశావు’’ అన్నాడు నావైపు చెయ్యి చూపించి.