రందికి ఒక టైమ్

2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్ రైతులు ఒక పని చేశారు. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నలకు 3,500 ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అని రోడ్ల మీద కూర్చుని కూర్చుని నడుములు పోయాక 178 మంది పోయి ఎంపీ పదవికి నామినేషన్లు వేశారు. 25,000 ధరావతు తిరిగి రాదని తెలిసే వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఓటు వేయడానికి పోయినవాడు పెండ్లి భోజనాల్లో ఖాళీ విస్తరి కోసం పంక్తి పొడుగునా నడిచినట్టు నడిచాడు. కొందరు రైతులైతే అంతటితో ఆగక వారణాసి దాకా పోయి అక్కడా నామినేషన్ల వరసలో నిలబడ్డారు.

ఒక్కరూ గెలవలేదు. బోర్డు సంగతి 2023 అక్టోబరులో ప్రకటించారు, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో మొదలైంది. అది ఈ నామినేషన్ల వల్లే వచ్చిందని నేననను, రాలేదని అనడానికి మా ఊళ్లో ధైర్యం చాలదు. 1996లో నల్గొండ వాళ్లు ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పుకోవడానికి పోటీకి దిగితే మొత్తం అభ్యర్థులు 480 మంది అయ్యారు, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వంకర సమస్యకు వంకర ఉపాయం వేయడం మన దగ్గర కొత్తేమీ కాదు.

మా కమ్మర్‌పల్లిలో ఆ 178 మందిని ఎవరూ వింతగా చూడలేదు. "మంచిగ జేసిన్రు" అన్నారు. అదే కమ్మర్‌పల్లిలో, నిద్ర పట్టక నేను నిజామాబాద్ పోయి ఒక కౌన్సెలర్ ముందు గంటసేపు కూర్చుని వచ్చానని తెలిసేసరికి, "అయ్యో, గట్లెట్లాయె? మొన్నటిదాంక మంచిగనే ఉండె గదా" అన్నారు. ఊరంతా కలిసి చేస్తే ఉద్యమం. ఒక్కడు చేస్తే పిచ్చి.

నిద్ర ఎందుకు పట్టదో పసుపు పెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. తొమ్మిది నెలల పంట. జూన్‌లో కొమ్ము భూమిలో పడితే సంక్రాంతి దాటాక గానీ బయటికి రాదు. అప్పుడైనా తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, ఆ తర్వాత నిజామాబాద్ యార్డుకు తీసుకుపోయి ఖరీదుదారు మొహం చూడాలి. దుంపకుళ్లు వస్తే పసుపును చూడడానికి మా ఊళ్లోనే పరిశోధనా కేంద్రం ఉంది. పసుపు యజమానికి లోపల కుళ్లు మొదలైతే చూసే కేంద్రం మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

సలహాలకైతే లోటు లేదు. పసుపు పాలు తాగమన్నారు. ఏ పంట వల్ల నిద్ర పోయిందో దాన్నే పాలలో కలుపుకుని తాగాలంటే గొంతు దిగలేదు. వాస్తు తెలిసిన ఒకాయన దర్వాజా తూర్పుకు మార్చాలని గోడ మీద సుద్దతో గీత గీసిపోయాడు. మా కాక, "కొండగట్టు పొయ్యి అంజన్న కాడ ఒక్క రాత్రి నిద్ర జేసి రా" అన్నాడు. నిద్ర రాదు మొర్రో అంటుంటే నిద్ర చెయ్యమంటాడు! అయినా పోయాను. మెట్పల్లి మీదుగా కోరుట్ల, జగిత్యాల దాటితే ఎంతసేపు? ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ, నాలాగా మేలుకుని ఉన్నవాళ్లు అంతమంది ఒక్కచోట కనబడడం నిజంగానే ధైర్యంగా అనిపించింది.

కౌన్సెలర్ దగ్గరికి పోయింది ఆ తర్వాతే. చిన్న వయసు పిల్లగాడు. "రోజుకు ఎంతసేపు రంది పడతారు?" అని అడిగాడు. "పగలంతా డ్యూటీ సార్, రాత్రి ఓటీ" అన్నాను. నవ్వకుండా రాసుకున్నాడు. తర్వాత చెప్పిందేమిటంటే: సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా ఒకేచోట కూర్చుని, కాగితం మీద రాస్తూ, కడుపునిండా రంది పడాలి. మిగతా టైమ్‌లో వస్తే "ఐదింటికి రా" అని పంపేయాలి. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు, లేచి కూర్చోవాలి. అసలు నిద్ర రానివాళ్లు మంచం మీద ఉండే టైమ్ తగ్గించుకోవాలి. దీనికి ఫీజు కూడా తీసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఇంట్ల ఉన్న రంది సాలక పైసలిచ్చి తెచ్చుకున్నవా?" అంది.

పిల్లగాడి సొంత తెలివి కాదిది. రందికి టైమ్ పెట్టడాన్ని అమెరికాలో బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1983లోనే పరీక్షించి రాశారు. నిద్ర రాకుంటే మంచం దిగమన్న మాట 1972 నాటిది, బూట్జిన్ అనే ఆయనది. నిద్రను నమ్మడం మనసుకు మళ్లీ నేర్పే ఈ పద్ధతులన్నీ కలిపి, పాత నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇదే చూడండని 2016లో అమెరికాలోని ఒక వైద్యుల సంఘం వాళ్ల డాక్టర్లకు చెప్పింది. ఇవన్నీ చెప్పినా కాక ఒప్పుకోలేదు. "గాల్లకు పసుపు లేదు గద" అన్నాడు.

నా లెక్క ఒకటే. గోడ కూలగొట్టమనే ఉపాయం కన్నా గోడకు ఆనుకుని కూర్చోమనే ఉపాయాన్ని ముందు చూస్తాను. పనిచేయకపోతే పోయేది అరగంట.

అరుగు మీద కూర్చున్నాను. ఐదయింది. ఒక్క రందీ రాలేదు! రాత్రి రెండింటికి పిలవకుండా వచ్చేవన్నీ తీరా రమ్మంటే మొహం చాటేశాయి. బలవంతాన రాస్తే సగం నావి కావు. బావ కొడుక్కు పిల్ల దొరకట్లేదు, పక్కింటాయన బోరు ఎండింది, అమెరికాలో ఎవరికో వీసా రాలేదు. వాటికి ఎదురుగా "వాళ్లు చూసుకుంటారు" అని రాయమన్నాడు కౌన్సెలర్. రాశాను. రాస్తుంటే కొంచెం కోపమొచ్చింది, ఇన్నేళ్లు ఫ్రీగా మోశాను కదా అని.

దుబాయిలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో ఇది విని, "అన్నా, నాక్కూడ జర అడుగు" అన్నాడు. వాడికి 14416 నంబరు చెప్పబోయాను. 2022 అక్టోబరులో సర్కారు పెట్టిన టెలి మానస్ అది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా లేదు. అక్కడినుంచి కలుస్తుందో లేదో గానీ, ఇక్కడున్న మా మరదలికి పనికొస్తుందన్నాను. "ఫోన్లనా? మనిషి మొకం జూడకుంట మనసుల మాటెట్ల జెప్తరు బావా?" అంది ఆమె. పెండ్లయినప్పటి నుంచి ఆమె కాపురంలో ముప్పావు వంతు ఫోన్లోనే నడిచింది. వాళ్లమ్మ కాలంలో అదీ లేదు, క్యాసెట్‌లో మాటలు నింపి గల్ఫ్ పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు, జవాబు వచ్చేలోపు కొట్లాట మరిచిపోయేవాళ్లు. గల్ఫ్ ఇళ్లవాళ్లకు టెలిఫోన్ సలహా గురించి ఎవరైనా కొత్తగా చెప్పేదేముంది?

నాకు నిద్ర ఇప్పుడు చాలా రోజులు పడుతోంది, కొన్ని రోజులు పట్టదు. పట్టని నాడు లేచి కూర్చుంటాను, అంతే. ఊరు మాత్రం నన్ను వదల్లేదు. మొదట వింత చూడడానికి అరుగు దగ్గరికి వచ్చినవాళ్లు, తర్వాత ఎలాగూ వచ్చాం కదా అని తమ రంది తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఐదింటికి జాగ దొరకడం లేదు. కాక గోడ వైపు తన చోటు ఖాయం చేసుకున్నాడు, అంజన్నకు చెప్పే వచ్చానన్నాడు.

నిన్న ఆయనకే కొత్త అనుమానం పుట్టింది. మా జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీ (వీడీసీ) అంటే మాటలు కాదు, ఊళ్లో పదిమంది చేరే చోటు కనబడితే దానికి వేలం పాట గుర్తొస్తుంది. "అరేయ్, వీడీసీ వాళ్లు రేపు గీ అరుగును గూడ వేలం పెడ్తరు సూడు" అన్నాడు.

"పెట్టనీయ్ మామా, పాట మనమే పాడుదం" అంది లోపల్నుంచి మా ఆవిడ. "గిన్ని దినాలసంది పోసిన ఛాయ్ పైసలన్న ఎల్తయ్."