మాస్టారి దగ్గు

రాత్రి పదింటికి అలారం పెట్టుకునే మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది. కడుపు నిండుగా ఉంటుంది, నిద్ర ఇంకా రాలేదు, రేపటి మీద కొండంత నమ్మకం. అయిదింటికి లేస్తాడట, గోరువెచ్చని నీళ్ళు తాగుతాడట, బీచ్ దాకా నడిచొచ్చి వీలైతే నాలుగు సూర్యనమస్కారాలు కూడా చేస్తాడట. ఈ మాటిచ్చినవాడికీ, తెల్లారి అయిదింటికి ఫోన్ నోరు నొక్కేవాడికీ కనీసం ముఖపరిచయం కూడా ఉండదు.

నా షుగరు గీత మీద ఉందన్నారు డాక్టరు గారు. గీతకి ఇటా అటా అని అడిగితే, నడిస్తే ఇటు, పడుకుంటే అటు అన్నారు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. వారంలో ఉన్నవి 10,080 నిమిషాలు. అందులో 150 ఎంతని! అలారం మోగాక ఇటు నుంచి అటు దొర్లడానికే అంతకంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నాను. ఇక రోజుకి పదివేల అడుగులంటారా, అది ఏ వైద్యుడూ రాసిచ్చిన మోతాదు కాదు. 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి వాడుకున్న అంకె. ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ ఆనందంలో ఇంకో గంట పడుకున్నాను.

బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని పెద్దలు చెబుతారు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుంటుందది. చెప్పడం తేలికే గానీ, మాది విశాఖపట్నం. జూన్‌లో సూర్యుడు అయిదున్నర లోపే సముద్రంలోంచి పైకొచ్చేస్తాడు. ఆ లెక్కన నాలుగు కొట్టకముందే లేచి కూర్చోవాలి. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి అదే సూర్యుడు ఇంచుమించు 20 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అంతసేపు హాయిగా పడుకుని, సూర్యుడితో పాటు లేచానని ఫోన్‌లో గొప్పలు చెబుతాడు. తూర్పున పుట్టినందుకు మాకీ శిక్ష.

అసలు తనంతట తాను లేవడమనేది దేవుడికే లేదు. తిరుమలలో స్వామివారికి రోజూ సుప్రభాతం పాడి మేలుకొలపాల్సిందే. ధనుర్మాసంలో సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు. నెల్లాళ్ళు అలారం ట్యూన్ మారుస్తారన్నమాట! ఇదేదో బాగుందని నేనూ ఫోన్‌లో ట్యూన్ మార్చి సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెట్టాను. ఇంట్లో అందరూ లేచారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గొంతు వినగానే, అమ్మ ఇంకా కాఫీ డికాక్షన్ దగ్గరే ఉంది, మరికాసేపు పడుకోవచ్చు అనే భరోసా. దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాను. పోనీ ప్రేరణ కోసం యూట్యూబ్‌లో ఉపన్యాసాలు చూద్దామంటే, పెందలాడే లేవడం ఎలాగో వాళ్ళు చెప్పడం పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటేది.

చివరికి నన్ను మంచం దింపింది పక్కవీధి మాస్టారి దగ్గు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. కాలింగ్ బెల్ కొట్టరు, ఫోన్ చెయ్యరు. అయిదుంబావుకి మా గేటు ముందు నిలబడి ఒక్కసారి దగ్గుతారు. క్లాసులో వెనక బెంచీ వాళ్ళని లేపి నిలబెట్టిన దగ్గు అది. అంతే, మా ఆవిడ మొదలుపెడుతుంది. "ఏవండీ, పెద్దాయన వచ్చి నిలబడ్డారు. మీరిలా పడుకుంటే ఏం బాగుంటుంది?" ఆరోగ్యం, షుగరు, ఆయుష్షు, వీటిలో ఏదీ చెయ్యలేని పని ఈ 'ఏం బాగుంటుంది' చేసేది. ఒక కాలికి నిన్నటి సాక్సు, ఇంకో కాలికి మొన్నటిది తొడుక్కుని బయటపడేవాణ్ణి.

బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి దగ్గర మొదలుపెడితే దారంతా రిటైరైనవాళ్ళే. కొందరు నడుస్తూ చేతులు గాల్లోకి విసురుతారు, పక్కవాళ్ళు తప్పుకోవాలి. కొందరు వెనక్కి నడుస్తారు, మనమే తప్పుకోవాలి. "ఫాస్టింగ్ ఎంత?" "నూటపది." "నాకు తొంభై ఎనిమిదే!" తక్కువ మార్కులొచ్చినవాడు ఛాతీ విరుచుకునే పరీక్ష ఇదొక్కటే. మధ్యలో కురుసుర జలాంతర్గామి. 31 ఏళ్ళు నౌకాదళంలో పనిచేసి 2001లో రిటైరై, మరుసటి ఏడు మ్యూజియమై ఇసుకలో కూర్చుంది. అప్పట్నుంచీ అడుగు కదల్లేదు, ఎవరూ నడవమనరు, పైగా టికెట్టు కొనుక్కుని మరీ చూసి పోతారు. దాన్ని దాటేటప్పుడల్లా నాకు కాస్త కుళ్ళుగా ఉంటుంది.

నడకయ్యాక చోడి అంబలి తాగుతాం. అది ఆరోగ్యానికి. ఆ పక్క బండి మీద రెండు గారెలు తింటాం. అది అంబలి తాగినందుకు.

ఆ గారెల దగ్గరే ఒకరోజు మాస్టారు నోరు విప్పారు. "మీకేమండీ, మీకు పట్టుదలుంది. నేనైతే ఎనిమిదింటి దాకా లేచేవాణ్ణి కాదు. మీరు తయారై కూర్చుంటారని, ఎదురు చూస్తారని మా ఆవిడ తెల్లవారుజామునే తరిమేస్తుంది."

గారె చేతిలోనే ఉండిపోయింది. నేను తయారై కూర్చుంటానని ఆవిడకి ఎవరు చెప్పారో అడగాల్సిన పని లేదు. ఇద్దరావిడలూ సాయంత్రం గుళ్ళో కలుస్తారు.

"మాస్టారూ, రేపు ఆదివారం కదా" అన్నాను మెల్లిగా.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేనూ అదే అనుకున్నానండీ. కానీ మీరు రేపు నన్ను కైలాసగిరి మెట్లెక్కిస్తున్నారట, కొత్త బూట్లు కూడా కొనిపెట్టింది."