కనపడిందా?

నాలుగు రోజులుగా నా మెడ ఎడమవైపుకు తిరగడం లేదు. కారణం ధ్రువనక్షత్రం.

"ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. నేలకూ నడినెత్తికీ మధ్య దాదాపు సగం ఎత్తులో చూడండి" అని పాఠంలో ఉంది. చూశాను. మొదటిరోజు అక్కడ ఏమీ లేదు. రెండోరోజు ఒకటి మెరిసింది. జన్మ ధన్యమైందని చేతులు జోడించేలోగా అది ఎర్రగా ఒకసారి, పచ్చగా ఒకసారి మినుక్కుమంటూ చెన్నై వైపు పోయింది. మూడోరోజు గబ్బిలం. నాలుగోరోజు జండూబాం.

ఇలాంటివి ఎలా మొదలవుతాయో చెప్పక్కర్లేదు. పిల్ల అమెరికాలో ఉంటుంది, తండ్రి రిటైరై ఇంట్లో ఉంటాడు, తల్లి ఫోన్లో ఏదో చెబుతుంది. ఫలితంగా అరవయ్యో ఏట నేను అక్కడి కాలేజీలో మొదటి సెమిస్టరు పిల్లలు చదివే 'ఆకాశం, సౌరకుటుంబం' కోర్సులో ఆన్‌లైన్‌లో చేరాను. హోంవర్కు రాత్రి 11:59 లోపు పంపాలి. ఎవరి రాత్రి? వాళ్ల రాత్రి. మనకది మర్నాడు పొద్దున 9:29. చుక్కల లెక్క ఇడ్లీ తింటూ ఒప్పజెప్పాలన్నమాట.

హోంవర్కు అంటే ఒక పట్టిక. తేదీ, వేళ, దిక్కు, ఎత్తు, చివరిగా 'కనపడిందా, లేదా'. మొదటి నాలుగు గళ్లతో నాకు పేచీ లేదు.

మెడ పట్టేశాక గాని బుర్ర తిరగలేదు. ధ్రువనక్షత్రం ఎత్తు ఎక్కడైనా ఆ ఊరి అక్షాంశమంతే ఉంటుంది. పాఠం రాసినాయన 40 డిగ్రీల దగ్గర కూర్చుని రాశాడు, ఆయనకు సగం ఎత్తే. కృష్ణపట్నం 14 డిగ్రీల మీద ఉంది. చెయ్యి చాచి పిడికిలి బిగించి చూస్తే ఆ పిడికిలి మందం 10 డిగ్రీలట. అంటే మాకు ధ్రువుడు దిగంతం మీద పిడికిలిన్నర. అంతే. మా మిద్దె మీద నిలబడి ఉత్తరానికి పిడికిలిన్నర కొలిస్తే అక్కడ పక్కింటాయన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. పసితనంలో సవతితల్లి మాట పడి, అడవిలో తపస్సు చేసి, విష్ణుమూర్తి దగ్గర సంపాదించుకున్న స్థానం ఒక నల్ల ట్యాంకు వెనకాల పడింది.

రోజూ పిడికిలి బిగించి తన ట్యాంకు వైపు చాచడం చూసి పక్కింటాయన ఒకరోజు రానే వచ్చాడు. "ఏంది సామీ, మా ట్యాంకు కారతా ఉండాదా?"

ధ్రువనక్షత్రం కోసం అన్నాను. ఆయన ట్యాంకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మా ఆవిడ వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ట్యాంకు సంగతి సరే, దాని పక్కన ఆయనే కట్టించిన ఎల్‌ఈడీ లైటుంది చూడండి, నా అసలు ఏడుపు దానిమీద. మాది రేవు ఊరు. ఓడకు రాత్రీ పగలూ లేదు, దీపాలు ఉండాల్సిందే, నేనేమీ అనను. ఈ లైటు దొంగల కోసమట. మా వీధిలో దొంగ పడ్డ దాఖలా లేదు. పడ్డా ఆ వెలుతురులో వాడు సూదిలో దారం ఎక్కించుకుని చొక్కా గుండీ కుట్టుకుని పోవచ్చు. దాని ధర్మమా అని చైత్రమాసపు రాత్రి ఎనిమిదింటికి ఈశాన్యాన సప్తర్షుల హాజరు తీసుకుంటే ఆరుగురే పలుకుతున్నారు. నడిమధ్య నుండే అత్రి మహర్షి అసలే మసక, రోజూ గైర్హాజరు. వసిష్ఠుడు ఉన్నాడు, పక్కన అరుంధతి లేదు.

అరుంధతి అంటే గుర్తొచ్చింది, మా పెళ్లి సంగతి చెప్పాలి. చెప్పకపోతే కొంపేమీ మునగదు, అయినా చెబుతాను.

ముప్ఫయ్యేళ్ల కిందట, నెల్లూరులో, మాఘమాసం, సరిగ్గా ఫిబ్రవరి నడిమధ్య. ముహూర్తం పగలు 12:15. తాళి కట్టాక పంతులుగారు మమ్మల్ని మంటపం బయటికి నడిపించారు. బయట షామియానా. షామియానాకు చిరుగు. ఆ చిరుగులోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ కత్తిలా దిగుతోంది. ఆయన ఆ చిరుగులోకి వేలు చూపించి, "అదుగో అరుంధతీ నక్షత్రం, కనపడిందా?" అన్నారు. నేను ఎండలోకి చూశాను. కళ్లు బైర్లు కమ్మి నిజంగానే నాలుగు చుక్కలు కనపడ్డాయి. "కనపడింది" అన్నాను. మా ఆవిడ తల పైకెత్తకుండానే "కనపడింది" అంది. మా మామగారు కనపడిందన్నారు. బావమరిది ఐస్‌క్రీము కప్పులు లెక్కపెట్టుకుంటూ కనపడిందన్నాడు. ఇంకా శుక్లాల ఆపరేషను చేయించుకోని మా పెదమామయితే, "దాని పక్కన ఇంకోటి కూడా ఉండాదే!" అన్నాడు. ఫొటోగ్రాఫరు మాత్రం వృత్తికి కట్టుబడ్డవాడు. "సార్, సరిగ్గా రాలా, ఇంకోసారి చూడండి" అని మా చేత అదే చుక్కను మూడుసార్లు చూపించాడు. ఆల్బంలో ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఇద్దరం నోళ్లు తెరుచుకుని ఒక సరుగుడు బొంగు వైపు భక్తిగా చూస్తుంటాం.

ఇన్నేళ్లూ నేననుకున్నది, పగలు కాబట్టి కనపడలేదు గాని అది అక్కడే ఉందని. కోర్సు మూడోవారంలో ఏ తేదీన ఏ వేళకు ఏ చుక్క ఎక్కడుందో లెక్క కట్టడం నేర్పారు. మిగతా వాళ్లంతా తమ పుట్టినరోజులకు కట్టుకున్నారు. నేను పెళ్లిరోజుకు కట్టాను. కట్టకుండా ఉండాల్సింది.

ఆ పూట అరుంధతి పదకొండున్నర లోపే వాయవ్యాన అస్తమించింది.

మూడుసార్లు సరిచూశాను. అనుమానం లేదు. పంతులుగారు వేలెత్తే వేళకు ఆ మహాసాధ్వి భర్తతో సహా నేల కింద ఉంది. న్యాయంగా ఆయన మార్కాపురం వైపు తిరిగి, వేలు కిందికి దించి, నేలలోకి చూపించి ఉండాలి. అలా చూపించినా మేం కనపడిందనేవాళ్లమే. పెదమామ ఇంకోటి కూడా కనపడిందనేవాడు.

ఈ ముక్క మా ఆవిడకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు మథనపడి చెప్పాను. "అయితే ఇప్పుడేమంటారు, పెళ్లి కాలేదంటారా?" అంది. ఆ మాటలో ఆశలాంటిది వినపడి ఇంక పెంచలేదు.

పంతులుగారిని అని లాభం లేదు. మన వ్యవహారమంతా కనపడని చుక్కలతోనే. రోహిణి కార్తె అంటాం. సూర్యుడు రోహిణిని చేరే రోజులవి, ఎండకు రోళ్లు పగులుతాయి గాని రోహిణి మాత్రం ఆ వెలుగులో మునిగి ఎవరికీ అగపడదు. ఏ చుక్క కనపడదో ఆ చుక్క పేరే పక్షానికి పెట్టి నాట్లు వేశాం. శుక్రుడు సూర్యుడి చాటుకు పోతే మూఢమని పెళ్లిళ్లు ఆపుతాం. వాడు తిరిగి వచ్చాక ఒక్కరం తలెత్తి చూడం. 1980 ఫిబ్రవరి 16న నల్గొండ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు సరిచేసుకుంటుంటే, పాక్షికంగా పట్టిన మా వైపున మేం తలుపులు, కిటికీలు బిగించుకుని, కుండల మీద దర్భ వేసుకుని కూర్చున్నాం.

అలాగని ఆకాశం మా ఊరికి పట్టదనడానికి లేదు. గీత గీస్తే శ్రీహరికోట మాకు దక్షిణాన 60 కిలోమీటర్లు. రాకెట్టు లేస్తుందంటే ఊరంతా మిద్దెల మీదే. 2023 జులై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచినప్పుడు ఎంగిలి చేతులతోనే పరుగెత్తాం. 2022లో జిల్లాలు విడదీసి శ్రీహరికోటను తిరుపతి జిల్లాలో కలిపారు గాని, పొగ ఇప్పటికీ మాకే కనపడుతుంది.

మనవాళ్లలో చూసినవాళ్లు లేకపోలేదు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఇంటి ఆవరణలో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత దాన్ని నడిపింది అల్లుడు, అంకితం వెంకట నర్సింగరావు. మామ దుర్భిణిని ప్రేమగా అందుకున్న అల్లుళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. ఒక దుర్భిణి పంపమని మా అల్లుణ్ణి కదిపాను. "మావయ్యా, ముందు ఆ పక్కింటి లైటు తీయించండి" అన్నాడు. తెలివైన కుర్రాడు, డబ్బు జాగ్రత్త.

ఈ నవ్వులాటంతా అయ్యాక మిద్దె మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు నాయన గుర్తొస్తున్నాడు.

నాయన పడవ మీద పోయే మనిషి. అప్పట్లో మా ఊళ్లో చీకటి ఉండేది. ఎండాకాలం రాత్రుళ్లు ఇసుకలో గోనెపట్టా పరిచి నన్ను పక్కన పడుకోబెట్టుకునేవాడు. పాలపుంత సముద్రంలోంచి లేచి ఊరి మీదుగా పోయేది. నాయన చెయ్యెత్తి ఒక్కోటీ చూపించేవాడు. అది పిల్లలకోడి. ఆ మూడూ గొల్లకావడి. అదుగో, ఆ ఇంకో చుక్కను ఎడంచేతికి పెట్టుకుని వస్తే రేవు. "కనపడిందిరా?" అనేవాడు. నాకు నిద్ర ముంచుకొచ్చేది. కళ్లు మూసుకునే "ఆఁ, కనపడింది నాయనా" అనేవాణ్ణి. అంటే వదిలేసేవాడు.

ఎడంచేతికి పెట్టుకునే ఆ చుక్క ఏదో నాకు తెలీదు. ఏ నెలలోనో, ఏ జామునో తెలిస్తే లెక్క కట్టి పట్టుకుందును. ధ్రువనక్షత్రం 400 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉందని తెలుసు. భూమి బొంగరంలా తల ఊపుతూ 26,000 ఏళ్లకొక చుట్టు తిరుగుతుందని, అందువల్ల ధ్రువుడి ఉద్యోగం కూడా పర్మనెంటు కాదని తెలుసు. మొన్న పరీక్షలో 100కి 91 వచ్చాయి.

ఈ వారం హోంవర్కు వచ్చింది. సప్తర్షుల తోకలో చివరినుంచి రెండో చుక్కను చూడండి, ఒకటిగా కనపడిందా, రెండుగానా? వసిష్ఠుడు, అరుంధతి. నన్ను వదిలేలా లేరు.

రాత్రి అన్నానికి పిలవడానికి మా ఆవిడ పైకి వచ్చింది. లైటుకు అడ్డంగా అరచెయ్యి పెట్టి, రెండోచేత్తో వేలు చూపించాను. "అదుగో, దాని పక్కనే, సన్నగా. కనపడిందా?"

"ఆఁ, కనపడింది. రండి, పులుసు చల్లారిపోతాది."