నూనె దారి: ఒక బౌలింగ్ బంతి ఆత్మకథ

ఈ ఆత్మకథ చెబుతున్నది ఒక బౌలింగ్ బంతి. బరువు 15 పౌండ్లు, చుట్టుకొలత దాదాపు 27 అంగుళాలు, రంగు ముదురు నీలం, వేళ్లకు మూడు రంధ్రాలు. తన గురించి తానే చెప్పుకుంటున్నా ‘నేను’ అనకుండా ‘ఈ బంతి’ అనడమే దానికి సబబుగా తోచింది. కారణం లేకపోలేదు. లేన్ మీద అది ఎక్కడ జారింది, ఎక్కడ మలుపు తిరిగింది, ఎన్ని పిన్నులు పడగొట్టింది అన్నదంతా దాని ఒక్కదాని ప్రతాపం కాదు. అందులో విసిరిన చేతికి కొంత వాటా ఉంది. లేన్ మీద పూసే, కంటికి సరిగ్గా కనపడని నూనెకు అంతకంటే పెద్ద వాటా ఉంది. స్ట్రైక్ పడితే, అంటే ఒక్క విసురుకే పిన్నులన్నీ పడిపోతే, బంతిని మెచ్చుకుంటారు, పడకపోతే బంతినే మార్చేస్తారు. నూనె సంగతి మాత్రం చాలామందికి గుర్తే రాదు.

ఈ బంతి ఉండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం డాలస్ దగ్గర. యజమాని గుంటూరు నుంచి ఉద్యోగానికి వెళ్లిన మనిషి. ఆఫీసువాళ్లతో సరదాగా మొదలుపెట్టి, ఇప్పుడు ప్రతి బుధవారం రాత్రి లీగులో ఆడుతున్నాడు. మొదట్లో బౌలింగ్ సెంటర్లో అరల మీద పెట్టి ఉంచే బంతులే వాడేవాడు. అవి ప్లాస్టిక్‌వి. ఎవరి వేళ్లయినా పట్టేలా రంధ్రాలు వదులుగా ఉంటాయి. నూనె ఉన్నా లేకున్నా ఇంచుమించు తిన్నగానే పోతాయి. సొంత బంతి కొన్న రోజున దుకాణంలో అతని అరచెయ్యి చాపించి, బొటనవేలి నుంచి మధ్యవేలికి, ఉంగరపు వేలికి ఎంతెంత దూరమో కొలిచి, ఆ కొలతకు ఈ బంతికి రంధ్రాలు వేశారు. ఆ రెండు వేళ్లూ మొదటి కణుపు వరకే దిగుతాయి. విసిరేటప్పుడు బొటనవేలు ముందుగా బయటికి వచ్చేస్తుంది. మిగిలిన రెండు వేళ్లు ఆఖరి క్షణంలో బంతిని ఎత్తి పక్కకు తిప్పుతాయి. సుడి పుట్టేది అక్కడే.

ఇక లేన్. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అడ్డంగా 41న్నర అంగుళాలు, అందులో 39 బోర్డులు. చూడటానికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మెరుపు. నిజానికి అక్కడ ఉన్నవి రెండు వేర్వేరు నేలలు. ఒక యంత్రం లేన్ మీదుగా పాకుతూ పాత నూనె తుడిచేసి కొత్తది పూస్తుంది. మామూలు సెంటర్లలో 40 అడుగుల దాకా, కాస్త అటూ ఇటూగా పూసి ఆపేస్తుంది. మిగిలిన 20 అడుగులూ పొడి. లేన్ మొత్తానికి పట్టే నూనె 20 నుంచి 30 మిల్లీలీటర్లు. టీ చెంచాతో కొలిస్తే నాలుగు నుంచి ఆరు చెంచాలు! మొదట్లో ఈ నూనె పూసింది ఆట కోసం కాదు, బరువైన బంతులు పడి చెక్క అరిగిపోకుండా కాపాడటానికి. రానురాను ఆటంతా దాని చేతిలోకి వెళ్లిపోయింది.

చెయ్యి వదలగానే బంతి దొర్లుతుందని చూసేవాళ్లు అనుకుంటారు. అప్పుడు అది జారుతుంది. గంటకు 16 మైళ్ల వేగంతో పోయే బంతి జారకుండా దొర్లాలంటే నిమిషానికి 600 చుట్లకు పైనే తిరగాలి. ఈ బంతి యజమాని చెయ్యి ఇచ్చేది అందులో సగం. తక్కిన సగాన్ని రాపిడి పూడ్చాలి. నూనె మీద రాపిడి గుణకం సుమారు 0.04, పొడి చోట 0.2 దాకా ఉంటుంది. అంటే నూనె దాటి పొడి చోటికి రాగానే పట్టు అయిదు రెట్లు పెరుగుతుంది. అప్పటిదాకా పనికిరాకుండా తిరుగుతున్న పక్క సుడి ఒక్కసారిగా నేలను పట్టుకుని బంతిని ఎడమకు లాగుతుంది. ఆటగాళ్లు హుక్ అనేది దీన్నే. ఆ తర్వాత సుడీ నడకా ఒకే దారిలో పడి బంతి నిజంగా దొర్లడం మొదలుపెడుతుంది. జారుడు, మలుపు, దొర్లుడు, ఈ మూడూ దాదాపు రెండున్నర సెకన్లలో అయిపోతాయి.

ఇంత తంటా ఎందుకంటే పిన్నుల దగ్గర చేరే కోణం కోసం. కుడిచేతివాటం ఆటగాడి బంతి ఒకటో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య సందులోకి పోవాలి. దాన్ని పాకెట్ అంటారు. లేన్ కుడి అంచు నుంచి తిన్నగా విసిరితే పాకెట్లోకి వెళ్లే కోణం ఒకటిన్నర డిగ్రీకి మించదు. స్ట్రైకుకు అన్నిటికంటే అనువైనది 6 డిగ్రీలకు అటూ ఇటూ. ఆ తేడా మలుపుతోనే వస్తుంది. అంతా కుదిరిన స్ట్రైకులో ఈ బంతి స్వయంగా తగిలేది నాలుగు పిన్నులకే: 1, 3, 5, 9. మిగిలిన ఆరు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. కోణం ఒక్క పిసరు తగ్గిందా, ఆరో పిన్ను ఎగిరి పదో పిన్నును కొట్టాల్సింది పోయి లేన్ పక్కనుండే కాలువలో, అంటే గట్టర్లో, చతికిలపడుతుంది. పదోది కదలకుండా నిలబడుతుంది. పాకెట్లో తగిలిన మంచి బంతికే ఇలా జరుగుతుంది కాబట్టి ఆటగాళ్లకు ఇది కడుపుమంట.

ఈ బంతి వంశంలో అందరికీ ఇంత పట్టు లేదు. ముత్తాతలు లిగ్నమ్ వీటే అనే గట్టి చెక్కతో చేసినవి. 20వ శతాబ్దం మొదట్లో గట్టి రబ్బరు బంతులు వచ్చాయి, తర్వాత పాలియెస్టర్‌వి (ప్లాస్టిక్ బంతులంటే ఇవే), 1980ల ఆరంభంలో యురెథేన్‌వి, 1990ల ఆరంభంలో రియాక్టివ్ రెసిన్‌వి. ఈ బంతి ఆ చివరి తరానిది. రియాక్టివ్ రెసిన్ పై పొరలో కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు ఉంటాయి. నూనె మీద హాయిగా జారిపోయి, పొడి చోట గట్టిగా పట్టుకోవడం దీని స్వభావం. యురెథేన్ అలా కాదు, ముందు నుంచే కొంచెం కొంచెంగా తిరుగుతూ మెత్తని వంపుతో వస్తుంది. ప్లాస్టిక్ బంతికి ఆ పట్టింపే లేదు. అందుకే ఇదే సంచీలో ఒక ప్లాస్టిక్ బంతి కూడా ఉంది, పదో పిన్ను ఒంటరిగా మిగిలినప్పుడు తిన్నగా వెళ్లి దాన్ని పడగొట్టే పని దానిది.

పట్టు కోసం మనుషులు ఎంత దూరం పోయారో చెప్పడానికి 1973 చాలు. ఆ ఏడాది డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ ఆటగాడు పాలియెస్టర్ బంతిని రసాయనంలో నానబెట్టి పై పొర మెత్తబడేలా చేశాడు. మెత్తబడ్డ బంతి నూనె మీద కూడా లేన్‌ను పట్టుకుంది. ఆ సీజన్లో అతను ఆరు టైటిళ్లు గెలిచాడు. ఆ వెనుకే బంతి ఎంత గట్టిగా ఉండాలో కనీస కొలత పెట్టారు. ఈ బంతికి కూడా ఆ పరీక్ష తప్పలేదు.

పై పొర ఒక్కటే చాలదు. లోపల కోర్ అనే బరువైన దిమ్మ ఉంటుంది. అది గుండ్రంగా కాక ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా ఉంటుంది. దానివల్ల బంతి తిరుగుతూ తిరుగుతూ, వేగం తగ్గిన బొంగరం ఒరిగినట్టు తన ఇరుసును మెల్లగా మార్చుకుంటుంది. ఇరుసు మారిన ప్రతిసారీ నూనె అంటని కొత్త చోటు లేన్‌కు తగులుతుంది. లేన్ చివరి నుంచి తిరిగొచ్చిన ఈ బంతిని చేతిలోకి తీసుకుని దీపం కింద పెట్టి చూస్తే ఒకదాని పక్కన ఒకటిగా సన్నని నూనె గీతలు కనిపిస్తాయి. ఒకచోట అన్నీ కలిసి, దూరం పోయేకొద్దీ విసనకర్రలా విడిపోతాయి. యజమాని పొడి తువాలుతో వాటిని తుడిచే ముందు ఒక్క క్షణం చూస్తాడు. గీతలు చిక్కగా ఉంటే లేన్ మీద ఇంకా నూనె ఉన్నట్టు, పలచబడితే అయిపోతున్నట్టు.

సెంటర్లలో మామూలుగా పూసే నూనె ఆటగాడి పక్షం. లేన్ నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా పూస్తారు. నడుమ, అంచుల మధ్య తేడా పది రెట్ల దాకా ఉండొచ్చు. చెయ్యి జారి బంతి కుడికి పోతే అక్కడ పొడి, అది వెనక్కి తిరిగి వస్తుంది. ఎడమకు పడితే అక్కడ నూనె, జారి పాకెట్ దాకా పోతుంది. తప్పు చేసినా దిద్దే నేల అది. పోటీల కోసం పూసే స్పోర్ట్ ప్యాటర్న్‌లలో ఆ తేడా చాలా తక్కువ. ఇదే బంతి, ఇదే చెయ్యి. కానీ కుడికి పోయిందంటే ఇక రాదు. లీగులో మంచి సగటున్న ఆటగాళ్లు ఇలాంటి లేన్ మీద తలలు పట్టుకోవడం ఈ బంతి దగ్గరగా చూసింది. అప్పుడు బంతిని తప్పు పట్టడం అన్యాయం.

ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పీబీఏ ఈ ప్యాటర్న్‌లకు జంతువుల పేర్లు పెట్టింది. చీతా పొట్టిది, షార్క్ పొడుగుది. పొట్టి ప్యాటర్న్ మీద బంతి తొందరగా పొడిని తాకుతుంది కాబట్టి గట్టర్ పక్కనే నడిపించాలి. పొడుగు ప్యాటర్న్ మీద తిరగడానికి చోటే మిగలదు, అందుకని నడిమి దారిన పంపాలి. ఆటగాళ్లకు దీనికో లెక్క ఉంది: నూనె పొడవులోంచి 31 తీసేస్తే వచ్చిన అంకె, మలుపు దగ్గర బంతి ఏ బోర్డు మీద ఉండాలో చెబుతుంది. 40 అడుగుల నూనెకు తొమ్మిదో బోర్డు. కచ్చితమైన సూత్రం కాకపోయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇంతా చేసి ఆ నూనె ఉన్నచోట ఉండదు. ప్రతి బంతీ కొంత నూనెను తాగేస్తుంది, కొంత ముందుకు ఈడ్చుకుపోతుంది. బుధవారం మొదటి ఆటలో, గురి చూడటానికి లేన్ మీద వేసిన బాణం గుర్తుల్లో రెండోదాని మీదుగా వెళ్లి పాకెట్ పట్టిన ఈ బంతి, రెండో ఆట సగానికి వచ్చేసరికి అదే దారిలో ముందే తిరిగి ఒకటో పిన్నును ముక్కు మీద కొట్టింది. నాలుగు, ఆరు, ఏడు, పది మిగిలాయి. పెద్ద స్ప్లిట్, అంటే మిగిలిన పిన్నుల నడుమ పెద్ద ఖాళీ. పక్క లేన్‌లో ఆడే కుర్రవాడు, అతనిదీ తెలుగు ఇల్లే, దగ్గరికొచ్చాడు.

“అన్నా, అక్కడ నూనె అయిపోయింది. ఎడమకి జరుగు.”

“బంతి బాగానే తిరుగుతోంది కదరా!”

“తిరగడం కాదన్నా, ముందే తిరిగేస్తోంది. కాళ్లు రెండు బోర్డులు, చూపు ఒక బోర్డు జరిపి చూడు.”

జరిగాడు. బంతి మళ్లీ నూనె మీదికి ఎక్కింది, జారాల్సినంత జారింది, పాకెట్ దొరికింది.

నూనె మాట వస్తే ఈ బంతి గ్లెన్ ఆలిసన్‌ను తలుచుకోకుండా ఉండలేదు. 1982 జులై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో ఆయన వరుసగా 36 స్ట్రైకులు కొట్టాడు. మూడు ఆటలు, ఆటకు 300, మొత్తం 900. అంతకంటే ఎక్కువ కొట్టడం ఈ ఆటలో సాధ్యమే కాదు. ఆట నిబంధనలు చూసే అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ మాత్రం ఆ స్కోరును గుర్తించలేదు. లేన్ మీద నూనె నిబంధనల ప్రకారం లేదన్నారు. ఆలిసన్ ఎంత పోరాడినా నిర్ణయం మారలేదు. అధికారికంగా మొదటి 900 దక్కింది జెరెమీ సోనెన్‌ఫెల్డ్‌కు, 1997 ఫిబ్రవరి 2న, నెబ్రాస్కాలోని లింకన్‌లో. నిబంధన ఉండాల్సిందే. లేకపోతే ప్రతి సెంటరూ తన లేన్‌ను పాకెట్ వైపు కాలువలా మలిచేస్తుంది. అయినా ఈ బంతి మనసు ఆలిసన్ వైపే. నూనె పూసింది ఆయన కాదు. అది ఎంత సాయం చేసినా, 36 సార్లు చెయ్యి తొణకకుండా ఉండటం నూనె పని కాదు.

చెయ్యి మారితే అదే నూనె మరోలా కనిపిస్తుంది. పీబీఏలో అందరికంటే ఎక్కువగా 47 టైటిళ్లు గెలిచిన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ పెద్ద మలుపులు లేకుండా తిన్నని దారిలో ఆడి అన్ని గెలిచాడు. ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మాంటే రెండు చేతులతో విసురుతాడు. ఆ సుడికి బంతి లేన్‌ను ఈ పక్క నుంచి ఆ పక్కకు కోసుకుంటూ వస్తుంది. 15 మేజర్ టైటిళ్లు గెలిచాడు. ఒకరికి నప్పిన బంతిని ఇంకొకరికి సిఫారసు చేసేవాళ్లు ఈ ఇద్దరినీ ఒకసారి చూస్తే బాగుంటుంది.

లేన్ నేల కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. పాత సెంటర్లలో మొదటి భాగం మేపుల్, నడుమ పైన్ చెక్క. అరిగిన చెక్క మీద బంతి ముందే పట్టుకుంటుంది. కొత్తవాటిలో సింథటిక్ పలకలు, అవి గట్టివి, బంతి ఎక్కువ దూరం జారుతుంది. అడ్డంగా కొలిస్తే అంగుళంలో వెయ్యింట 40 వంతుల వాలు దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. అది సుమారు ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరు కూడా నూనె మీద జారుతున్న 15 పౌండ్ల బంతికి తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు లేన్‌లు ఒకేలా ఆడకపోవడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు ఈ బంతికి వయసు వచ్చింది. తాగిన నూనె పై పొరలో నిండితే పట్టు సడలుతుంది. దుకాణంలో దాన్ని మెల్లగా వేడి చేశారు. చెమటలా నూనె బయటికి ఊరింది, తుడిచారు, మళ్లీ ఊరింది, మళ్లీ తుడిచారు. ఆ తర్వాత రుద్దుడు పట్టతో పై పొరకు గరుకుదనం తెచ్చారు. 500 నంబరు గరుకుతో రుద్దితే చిక్కటి నూనెలోనూ ముందే పట్టుకుంటుంది. 4000 నంబరు దాకా నునుపు చేస్తే ఎక్కువ దూరం జారి, ఆలస్యంగా తిరుగుతుంది. కొంత పట్టు తిరిగొచ్చింది, కొత్తలో ఉన్నంత రాలేదు.

యజమాని ఇంకో బంతి కొన్నాడు. చిక్కటి నూనె ఉండే మొదటి ఆట దానిది. మూడో ఆటకు లేన్ ఎండిపోయి, కొత్త బంతి కట్టు తప్పి ఎడమకు పరుగెత్తే వేళకు అతను సంచీ జిప్పు తీసి ఈ నీలం బంతిని బయటికి తీస్తాడు. పట్టు తగ్గిన బంతికి పొడి లేన్ సరిగ్గా నప్పుతుంది. అప్పుడు అంత ఎడమకు జరగక్కర్లేదు, మళ్లీ రెండో బాణం మీదుగానే ఆడొచ్చు.